నాన్న చదివిన గోడ

జనవరి 9

అక్కా,

"చలికి ముక్కు కారుతోందా, బుర్ర కారుతోందా, రెండు నెలలుగా ఉత్తరం ముక్క లేదు" అని చీవాట్లు పెట్టావు. రెండూ కారుతున్నాయి. నా గది కిటికీ సందులోంచి గాలి వస్తోంటే పాత పత్రికలు మడిచి కుక్కాను. అన్నీ మా పత్రికే. ఆరేళ్ళుగా నేను రాసినవన్నీ కలిపినా ఆ సందు పూడలేదంటే నా ఉద్యోగం ఏపాటిదో నీకు తెలిసిపోతుంది.

అసలు సంగతికి వస్తాను. మా ఎడిటరు ప్రత్యేక సంచిక వేస్తున్నాడు, "నాకు అక్షరాలు నేర్పినవారు" అని. కాంట్రాక్టు మీద ఉన్న ముగ్గురినీ తలా ఒక పెద్ద వ్యాసం రాయమన్నాడు. ముగ్గురిలో ఒక్కరిని పర్మనెంటు చేస్తారు. మిగతా ఇద్దరికీ ఈ సంచికతో సరి. ఉద్యోగం లేని పరాయివాళ్ళని ఈ దేశంలో ఉండనివ్వరు కాబట్టి నాకిది చావో రేవో అనుకో.

నేను నాన్న గురించి రాశాను. మన వంటగది గోడ మీద చార్టు గుర్తుందా? డ్రాయింగు కాగితం మీద నువ్వే నల్లసిరాతో రాశావు. పైన ఒకే ఒక్క పెద్ద "గ". కింద రెండు అక్షరాలు, ఆ కింద మూడు. చివరికొచ్చేసరికి నీకు కాగితం చాలక చీమతలకాయలంత రాశావు. నాన్న డ్యూటీ నుంచి వచ్చి ఖాకీ చొక్కా కూడా విప్పకుండా ఎదురుగోడ దగ్గర, నీళ్ళబిందె పక్కన నిలబడేవాడు. నేను స్టూలెక్కి కర్రగరిటెతో ఏదో ఒక అక్షరం మీద కొట్టాలి, ఆయన చెప్పాలి. తప్పు చెబితే నువ్వు పొయ్యి దగ్గర్నుంచి అందించేదానివి, నేను కసిరేదాన్ని. నన్ను మురిపించడానికి కావాలనే తప్పులు చెప్పేవాడు, ముఖ్యంగా కింది వరసల్లో. కొన్నాళ్ళకి గోడకి వీపు పెట్టి కూడా వరసలన్నీ గడగడా చెప్పేశాడు. మా నాన్నకి వీపుకి కూడా కళ్ళున్నాయని బడిలో గొప్పలు పోయాను. అలా నాకు అక్షరాలొచ్చాయి. అలా ఆ ఐదేళ్ళ పిల్ల చివరికి పత్రికలో పడింది.

చివర్లో వంతెన సంగతి రాశాను. నువ్వు చెప్పినట్టే. బస్సుకి బ్రేకులు పోయినా స్టీరింగు వదలకుండా నలభైమందిని బతికించాడని, పదకొండుమందితో పాటు తనూ పోయాడని.

ఒక్క పని నీతో ఉంది. మా పత్రికలో రాసినవాళ్ళ మాట నమ్మరు. ప్రతి వాక్యాన్నీ విప్పి, అందులో ఉన్నవాళ్ళకి ఫోను చేసి "ఇది నిజమేనా" అని అడుగుతారు. ఆ పని చేసే ఆయన్ని మేము తనిఖీ మాస్టారు అంటాం. ఒకసారి నేను ఎవరింట్లోనో పచ్చ కర్టెన్లు అని రాస్తే, ఆవిడకి ఫోను చేసి మరీ "నీలం" అని దిద్దాడు. నీ షాపు పక్కన మందుల షాపు నంబరు ఇచ్చాను. మన భాష తెలిసినావిడ ఒకరు ఆయన పక్కన కూర్చుని అడుగుతుంది. నువ్వు అవును, అవును అంటే చాలు.

నోట్లో నువ్వుగింజ నానని
నీ చెల్లి


జనవరి 24

చిలకా,

నీ ఉత్తరం మందుల షాపాయన తెచ్చిచ్చాడు. స్టాంపు తనకి కావాలన్నాడు, చించి ఇచ్చాను. ఇక్కడ పని ఊపిరాడనివ్వడం లేదు. ఇన్‌స్పెక్టరుగారి భార్య జానెడు గుడ్డ తెచ్చి పొడుగు చేతుల జాకెట్టు కావాలంటుంది. "అమ్మా, గుడ్డ చాలదు" అంటే "నీ చేతిలో మహత్యం ఉందంటారే!" అంటుంది. నా చేతిలో కత్తెర ఉంది, ఇంకేముంటుంది?

నాన్న మీద ఎందుకే వ్యాసం? ఆ చార్టు సంగతి నాకు గుర్తే లేదు. ఐదేళ్ళ పిల్లవి, ఏదో చూసి ఏదో అనుకుని ఉంటావు. నీకు అక్షరాలు నేర్పింది బడిలో పొట్టి పంతులమ్మ. సుద్దముక్క గురి చూసి విసిరేది, తగిలినవాళ్ళకి ఆ రోజు అక్షరం చచ్చినా మరుపు రాదు. ఆవిడ గురించి రాయి, నవ్వుకుంటూ చదువుతారు. పోయిన మనిషిని అచ్చులోకి లాగడం నాకెందుకో నచ్చలేదు. కనీసం ఆ చార్టు ముక్క తీసెయ్. వ్యాసానికి అదేం ప్రాణం కాదు కదా.

స్వెట్టరు అల్లిస్తాను, భుజాల కొలత పంపు. పోయినసారి పంపింది నీదేనా, మీ ఎడిటరుదా?

అక్క


ఫిబ్రవరి 6

అక్కా,

గుర్తే లేదా! పదేళ్ళ కిందట ఎవరి జాకెట్టుకి ఏ రంగు గుండీలు వేశావో చెప్పగల దానివి, సొంత వంటగది గోడ గుర్తు లేదంటే నేను నమ్మాలా?

నాకు అర్థమైందిలే. అలిగావు. కీర్తంతా నాన్నకి కట్టబెట్టి, చార్టు రాసిన చేతిని గాలికి వదిలేశానని. అలగాల్సిందే. పదో తరగతి మధ్యలో మానేసి, మిషను ముందు కూర్చుని నన్ను చదివించినదానివి నువ్వు. ఆ మాట రాయకపోవడం నాదే తప్పు. ఇప్పుడు కలిపాను: "ఆ చార్టు రాసింది మా అక్క. అప్పటికి తనకి పదహారేళ్ళు. క్లాసులో ఫస్టు." చాలా? ఇంకో వాక్యం కావాలంటే చెప్పు, ఎడిటరు కాళ్ళు పట్టుకుంటాను.

చార్టు తీసెయ్యమన్నావు. వ్యాసమంతా అదే అక్కా. అది తీసేస్తే మిగిలేది ఖాకీ చొక్కా.

కొలత ఈ కాగితం వెనక ఉంది. నాదే.

నీ చెల్లి


ఫిబ్రవరి 19

చిలకా,

నా ఊసు వద్దు. నేను అలగలేదు. ఆ మూడు వాక్యాలూ కొట్టెయ్, వాటితో పాటు చార్టూ కొట్టెయ్. ఫోను వస్తే ఊళ్ళో లేనని చెప్పమని మందుల షాపాయనకి చెప్పి పెట్టాను.

ప్రపంచంలో రాయడానికి ఇంకేమీ లేనట్టు ఆ గోడ దగ్గరే ఎందుకు కూర్చున్నావే? నా మాట విను. ఎందుకని అడగకు.

అక్క


మార్చి 2

అక్కా,

వ్యాసం ఇచ్చేశాను. వెనక్కి తీసుకునే గడువు కూడా దాటిపోయింది. నువ్వు ఫోను ఎత్తకపోతే తనిఖీ మాస్టారు "నిర్ధారణ కాలేదు" అని రాస్తాడు. వ్యాసం చెత్తబుట్టలోకి, నేను విమానంలోకి.

ఇక్కడ ఆరేళ్ళు ఎలా గడిచాయో నీకు సరిగ్గా ఎప్పుడూ రాయలేదు. రాస్తే నువ్వు అన్నం మానేస్తావని. ఫోనులో ఎవరినైనా ప్రశ్నలు అడిగితే నా యాస విని "మీ ఆఫీసులో ఇంకెవరైనా ఉంటే ఇవ్వండి" అనేవాళ్ళు. తప్పిపోయిన పిల్లులు, పార్కులో కొత్తగా వేసిన బెంచీలు, మార్కెట్లో కూరగాయలు, ఇవీ నాకు దక్కిన వార్తలు. నా బల్ల స్టోరు రూములో, పాత కాగితాల కట్టల మధ్య ఉంటుంది. మొదటిసారి, ఈ ఆరేళ్ళలో మొదటిసారి, ఎడిటరు నా కాగితాలు తీసుకుని కూర్చోవడం కూడా మరిచిపోయి నిలబడే చదివాడు.

దాన్ని నువ్వు ఎందుకు తొక్కేస్తున్నావు? నాకు ఒకటే కారణం కనబడుతోంది, అనడానికి నోరు రాకపోయినా అంటున్నాను. కుళ్ళు. చచ్చిపోయిన నాన్నతో నీకు పోటీ ఏమిటక్కా? నువ్వు నాకు చేసినదానికి నీ కాళ్ళు కడిగినా ఋణం తీరదు. కానీ అందుకని నాన్నని నా దగ్గర్నుంచి లాక్కోకు. నాకు ఆయన మిగిలింది ఆ ఒక్క గోడ దగ్గరే.

చెల్లి


మార్చి 16

చిలకా,

ఫోను వచ్చింది. మంగళవారం పొద్దున్న. నలుగురు మందుల కోసం నిలబడి ఉంటే వాళ్ళ మధ్యనే మాట్లాడాను. ఆవిడ గొంతు మెత్తగా ఉంది.

చార్టు రాసింది మీరేనా అంది. అవునన్నాను. వంటగది గోడకేనా? అవును. నాన్నగారు ఎదురుగోడ దగ్గర నిలబడేవారా? అవును. చెల్లెలి చేతిలో కర్రగరిటె? అవును. అక్షరాలు పైన పెద్దవి, కిందికి వచ్చేకొద్దీ చిన్నవా? అవును. అప్పుడు మీ మాస్టారు ఏదో అడిగినట్టున్నాడు, ఆవిడ "కాగితం చాలకేనా అండీ?" అంది. అవునన్నాను.

వంతెన గురించి నన్ను ఎక్కువ అడగలేదు. డిపో రికార్డులో బ్రేకులనే ఉందట, వాళ్ళు ముందే తెప్పించుకున్నారట.

అన్నిటికీ అవునన్నాను. నువ్వు అడిగింది అదే కదా. కుళ్ళు అన్నావు, కుళ్ళే అనుకో. నీ ఉద్యోగం నిలబడితే నాకంతే చాలు. స్వెట్టరు ఈ వారం పోస్టులో వేస్తాను.

అక్క


ఏప్రిల్ 11

అక్కా, అక్కా, అక్కా,

పర్మనెంటు! ఎడిటరు అందరి ముందూ నా చేతికి కాగితం ఇచ్చాడు. స్టోరు రూము నుంచి నా బల్లని కిటికీ దగ్గరికి మార్చారు. తాళంచెవి ఉన్న సొరుగు ఇచ్చారు. అందులో పెట్టుకోవడానికి ఏమీ లేక నీ ఉత్తరాలు పెట్టాను. పాఠకుల నుంచి జాబులు బస్తాలకొద్దీ వస్తున్నాయి. ఒక రైలు డ్రైవరు తన కూతురికి చదివి వినిపించాడట. ఒక పెద్దావిడ మీ అక్కని చూడాలనుంది అని రాసింది.

తనిఖీ మాస్టారు ఒక్కడే నా దగ్గరికి ఆలస్యంగా వచ్చాడు. "వ్యాసం బాగుంది" అని, "మీ అక్కయ్యగారు ఎలా ఉన్నారు?" అన్నాడు. బాగున్నారన్నాను. తల ఊపి వెళ్ళిపోయాడు. ఆయన ఎవరి క్షేమమూ అడిగే రకం కాదు, అందరం ఆశ్చర్యపోయాం.

ఆ మాట అన్నందుకు నా నాలుక కాల్చాలి. నన్ను క్షమించు. స్వెట్టరు సరిగ్గా సరిపోయింది. ఒక సంచిక విడిగా పంపుతున్నాను. భాష రాకపోయినా నాన్న బొమ్మ వేశారు చూడు. వాళ్ళ బొమ్మలాయనకి మన నాన్న తెలియకపోయినా ఆ మీసం ఎలా వచ్చిందో!

నీ చెల్లి


మే 14

అక్కా,

నా పోయిన ఉత్తరానికీ సంచికకీ నీ దగ్గర్నుంచి జవాబు లేదు. సరే, నేనే రాస్తున్నాను. నెమ్మదిగా, వరసగా రాస్తాను.

మొన్న ఒక జాబు వచ్చింది, మన భాషలో. రాసినామె ఇక్కడే ఇంకో ఊళ్ళో నర్సుగా పనిచేస్తుందట. ఆమె రాసింది ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను:

"ఆ బస్సులో నేనూ ఉన్నానండీ. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మా అమ్మ డ్రైవరుగారి వెనక సీట్లో, నేను అమ్మ ఒళ్ళో. బ్రేకులు పోయాయని మీరు రాశారు, మా నాన్న కూడా అదే చెబుతాడు. నాకు గుర్తున్నది వేరు. వంతెన మీద ఒక లారీ ఆగి ఉంది. అమ్మ 'డ్రైవరుగారూ, లారీ, లారీ' అని అరిచింది. ఆయన 'ఎక్కడమ్మా?' అన్నాడు. రెండుసార్లు అడిగాడు, ఎంతో మర్యాదగా. ఆ తరవాత బస్సు తిప్పాడు, వాగులో పడ్డాం. అప్పటికి ఇంకా వెలుతురు ఉంది. నాకు లారీ కనబడుతూనే ఉంది. ఆయన ఎందుకు అలా అడిగాడో మీకు తెలిస్తే రాయండి. నేను ఎవర్నీ నిందించడానికి అడగడం లేదు. అమ్మ చివరగా మాట్లాడింది ఆయనతోనే, అందుకు."

తొమ్మిదేళ్ళ పిల్ల, ఏదో పొరబాటు పడిందనుకుని పక్కన పెట్టాను. నువ్వు నా గురించి అన్నట్టే.

కిటికీ దగ్గర వెలుతురుకి ఈ మధ్య తలనొప్పి వస్తోందని నిన్న కళ్ళడాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఆ అవసరమే రాలేదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగోడ మీద దీపం వేశాడు. పైన ఒకే ఒక్క పెద్ద అక్షరం. కింద రెండు, ఆ కింద మూడు. చివరి వరస చీమతలకాయలంత. ఆయన సన్నటి కర్ర తీసుకుని ఒక అక్షరం మీద పెట్టి "చెప్పండి" అన్నాడు. కళ్ళు బాగానే ఉన్నాయి, అన్నీ కనబడుతున్నాయి. లేచి వచ్చేశాను.

కాగితం చాలక కాదు కదక్కా? ఆయన నాకు నేర్పలేదు. నేను ఆయనకి నేర్పాను. అవునో కాదో రాయి.

చెల్లి


మే 27

చిలకా,

అవును.

ఈ ఉత్తరం నాలుగు రోజులుగా రాస్తున్నాను. మొదటి మాట రాశాక మిగతావి రావడం లేదు.

అమ్మ పోయిన ఏడాదే నాన్నకి చూపు మందగించడం మొదలైంది. నాకొక్కదానికే చెప్పాడు. డిపోలో ఏటా కళ్ళ పరీక్ష ఉండేది. తప్పితే బస్సు ఎక్కనివ్వరు. ఆయనకి స్టీరింగు తప్ప మరో విద్య రాదు, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలం. "పెద్దదానా, నీకు ఒక్కసారి చూస్తే మరుపు రాదు కదా" అన్నాడు. నాకు అర్థమైంది. తలనొప్పి అని అబద్ధం చెప్పి ఆ పరీక్ష చేసే కళ్ళడాక్టరు దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ రెండేసి వరసలు కంఠతా పట్టి, బయట వరండాలో నోటుపుస్తకం వెనక రాసుకున్నాను. నిజం చెప్పాలంటే లెక్కల్లో నూటికి నూరు వచ్చినప్పటికన్నా ఎక్కువ గర్వపడ్డాను.

డాక్టరు వరసగా అడగడు, ఇష్టం వచ్చిన చోట కర్ర పెడతాడు. అందుకని ఇంట్లో ఎవరో ఒకరు ఎక్కడపడితే అక్కడ కొట్టాలి. నేను వంట చూసుకోవాలి. నిన్ను స్టూలెక్కించాం. నువ్వు ఆటనుకున్నావు.

పరీక్ష నెగ్గాడు. డాక్టరు భుజం తట్టి "నీ కళ్ళు డేగ కళ్ళయ్యా" అన్నాడని వచ్చి చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను. తరవాత ఐదు నెలలు. ఒకరోజు బూట్లు తొడుక్కుంటూ "పగలు పరవాలేదే, పొద్దువాలాకే కాస్త మసకగా ఉంటోంది" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "జాగ్రత్తగా నడుపు నాన్నా" అన్నాను. పోవద్దు అనలేదు. ఆ మాట అని ఉంటే పన్నెండుమంది బతికేవాళ్ళు.

బస్సు నుజ్జయిపోయింది. ఎవరికీ ఏదీ తేలక బ్రేకులు అని రాశారు. నేను కుక్కిన పేనులా ఉండిపోయాను. డిపోవాళ్ళు అందరి ముందూ నాకు కుట్టుమిషను ఇచ్చారు. ఇప్పటికీ దాని మీదే కుడుతున్నాను. నువ్వు రోజూ "నాన్న మంచోడేనా?" అని అడిగేదానివి. నలభైమంది బతికిన మాట నిజం. వాళ్ళని నాన్నే బతికించాడన్నది నేను నీకు కట్టి చెప్పిన కథ. అది అచ్చుకెక్కుతుందని నాకేం తెలుసు? చార్టు ఆ వారమే పొయ్యిలో పెట్టాను. నీ తలలోంచి మాత్రం తియ్యలేకపోయాను.

నువ్వు కర్రగరిటె పట్టుకున్నావు, అంతే. నీకు ఐదేళ్ళు. చార్టు తెచ్చింది నేను, రాసింది నేను, నోరు మూసుకున్నది నేను. దీన్ని తిరగేసి మరగేసి నీ నెత్తిన వేసుకోకు.

అక్క


జూన్ 10

అక్కా,

నీ మీద కోపం వస్తోంది, పోతోంది, మళ్ళీ వస్తోంది. పోయినప్పుడు నువ్వు పదహారేళ్ళ పిల్లలా కనబడుతున్నావు. వచ్చినప్పుడు మాత్రం, ఇన్నేళ్ళూ ఒక్కతివే ఎందుకు మోశావు, నేను పెద్దదాన్నయ్యాక కూడా ఎందుకు చెప్పలేదు అని అరవాలనిపిస్తోంది. నాన్న మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రావడం లేదు. "ఎక్కడమ్మా?" అని అడిగినవాడి మీద ఎలా వస్తుంది?

అచ్చయ్యాక తప్పని తేలితే మా పత్రిక తరువాతి సంచిక మొదటి పేజీలో సవరణ వెయ్యాలి. ఏది తప్పో, ఏది నిజమో, ఎలా తెలిసిందో. అది వేస్తే నా ఉద్యోగం ఉంటుందన్న ఆశ లేదు. వెయ్యకపోతే ఆ అబద్ధం మీద సంపాదించిన బల్ల ముందు నేను కూర్చోలేను. నా సంగతి సరే. నీ ఊళ్ళో ఆ పోయినవాళ్ళవి పదకొండు ఇళ్ళున్నాయి. నువ్వు వాళ్ళ మధ్య బతకాలి. అందుకని నువ్వు సరేనంటేనే వేయిస్తాను.

నర్సుకి ఇంకా జవాబు రాయలేదు. వాళ్ళ నాన్న అక్కడే వాచీలు బాగుచేస్తాడట. నీకు తెలుసా?

చెల్లి


జూన్ 28

చిలకా,

తెలియకపోవడమేమిటి? బస్టాండు నుంచి మన ఇంటికి వచ్చే వీధిలో మూడో ఇల్లు వాచీల పెద్దాయనది. ఆయన కోడళ్ళిద్దరికీ నేనే కుడతాను. దారిన పోతుంటే "ఏమ్మా, బాగున్నావా?" అని ఆయనే ముందు పలకరిస్తాడు.

మీ పేపర్లో పడిందని ఎవరో చెబితే వాళ్ళు తెలుసుకోవడం కన్నా నా నోటితో వినడం నయమనిపించింది. రోజుకొకటి చొప్పున పదకొండు ఇళ్ళకీ వెళదామనుకున్నాను. మొదట ఆయన దగ్గరికి వెళ్ళాను. వాచీ విప్పి పనిలో ఉన్నాడు. "రా అమ్మా, కోడలు లోపలుంది" అన్నాడు. "మీతోనే పనండీ" అన్నాను. కూర్చోకుండానే మొత్తం చెప్పేశాను.

"నీకప్పుడు ఎన్నేళ్ళు?" అన్నాడు.

"పదహారండీ."

బల్లమీద మరలన్నీ ఒక్కొక్కటే ఏరి మూతలో వేసుకున్నాడు. చాలాసేపు పట్టింది. తరవాత అన్నాడు: "ఇరవై ఆరేళ్ళు ఇనుముని తిట్టుకుని బతికానమ్మా. బ్రేకులన్నారు, పోనీలే ఇనుము కదా అనుకున్నాను. ఇనుముకి కూతుళ్ళుండరు. రోజూ మా గుమ్మం ముందు నుంచి నడిచిపోదు. ఇప్పుడు నేనెవర్ని తిట్టుకోను? నిన్నా?"

"తిట్టండి" అన్నాను.

"ఈ వయసులో కొత్తగా మొదలెట్టే ఓపిక లేదు." మరల మూత పక్కకి జరిపి "మిగతా ఇళ్ళకీ వెళతావా?" అన్నాడు. వెళతానన్నాను. "వద్దు. నువ్వు బరువు దించుకుంటావు, అది వాళ్ళు నెత్తికెత్తుకోవాలి. నాతో ఆపెయ్. మా అమ్మాయికి నేను చెప్పుకుంటాను. అచ్చులో మాత్రం వేయించకు. నీకు చేతులెత్తి దణ్ణం పెడతాను" అన్నాడు. నిజంగానే చేతులెత్తాడు చిలకా. నేను పరిగెత్తినట్టే వచ్చేశాను.

మర్నాడు పెద్దకోడలు షాపుకి వచ్చింది. తన గుడ్డలు తిరిగిచ్చెయ్యమంది. రెండు అప్పటికే కత్తిరించేశాను. అవీ ఇచ్చెయ్యమంది. కత్తిరించిన ముక్కలు తీసుకెళ్ళి ఏం చేసుకుంటుందో నాకు తెలియదు. మడతపెట్టి ఇచ్చాను.

ఆయన మాట కాదని రెండో ఇంటికి వెళ్ళలేను. వెళ్ళకుండా కూర్చోలేకపోతున్నాను. నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్పు.

అక్క


జులై 16

అక్కా,

రెండో ఇంటికి వెళ్ళకు. ఆయన మనల్ని అడిగింది ఒక్కటే, అది ఇవ్వాల్సినవాళ్ళం మనం. సవరణ వేయించను.

నీ ఉత్తరం చేరిన రోజే ఎడిటరు దగ్గరికి వెళ్ళి నా వ్యాసంలో తప్పుందన్నాను. ఏమిటన్నాడు. చెప్పలేనన్నాను. "చెప్పలేని తప్పుకి సవరణ ఎలా వేస్తాం? రికార్డు మన దగ్గరుంది, వెళ్ళి పని చూసుకో" అన్నాడు. మంచివాడే. అక్కడితో ఊరుకుని ఉంటే ఉద్యోగం ఉండేది.

బయటికి వస్తే తనిఖీ మాస్టారు నా బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. "కాగితం చాలక కాదని నాకు ఫోనులోనే తెలిసింది. అప్పుడే ఇంకొక్క ప్రశ్న అడగాల్సి ఉంది. మీ అక్కయ్య అవును అన్న తీరుకి అడగలేకపోయాను. ముప్పై ఏళ్ళలో నేను అడగాల్సింది అడగకపోవడం అదొక్కసారే" అన్నాడు. నేను ఉద్యోగంలో ఉండిపోతే తనూ నోరు విప్పనన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆయనకి. ఇక నేను ఏం రాసిచ్చినా ఆయన నా మొహం చూడకుండా దిద్దాలి, నేను ఆయన మొహం చూడకుండా అందుకోవాలి. అలా ఎన్నేళ్ళు? రాజీనామా ఇచ్చేశాను. కారణం దగ్గర "సొంత పనులు" అని రాశాను. ఆఫీసులో అందరూ పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తున్నారు. ఆరేళ్ళు ఆ బల్ల కోసం ఏడ్చి, మూడు నెలల్లో వదిలేసిందని. నాకూ ఏడుపొస్తోందక్కా. ఆ పని తప్ప నాకు మాత్రం ఇంకేం వచ్చు?

నర్సు అడిగింది నన్ను కాబట్టి, ఆమెకి మాత్రం రెండు ముక్కలు రాశాను. "మా నాన్నకి లారీ కనబడలేదు. ఆయనకి చూపు తగ్గిన సంగతి మాకు తెలుసు." నీకు తెలుసని రాయలేదు, మాకు తెలుసని రాశాను. నువ్వు ఎన్ని చెప్పినా సరే, అది నేను మార్చను. ఆమె నుంచి ఇంకా జవాబు లేదు. రాకపోవచ్చు.

నెలాఖరుకి గది ఖాళీ చెయ్యాలి, దేశమూ ఖాళీ చెయ్యాలి. నాకు నీ ఇల్లు తప్ప ఇల్లు లేదు. బస్సు దిగాక ఇంకో దారి ఏదైనా ఉందేమోనని పెట్టె సర్దుకుంటూ ఆలోచిస్తున్నాను. లేదు కదా? ఆ వీధిలోంచే రావాలి. పెట్టె ఈడ్చుకుంటూ మూడో ఇంటి ముందు నుంచి నడవాలి. ఆయన అరుగు మీదే కూర్చుని ఉంటాడు, ఎవరమ్మా అని అడుగుతాడు. ఇరవై ఆరేళ్ళు రోజూ ఎలా నడిచావక్కా? నేను బయలుదేరేలోపు రాయి.

నీ చెల్లి